ఎడ్విన్ సీట్లో కారుణ్య

జనవరి 2, శుక్రవారం

యూనియన్ వాళ్ళు మా ఆయనకి కొత్త డైరీ ఇచ్చారు. ఈయన రాయడు. నేను తీసుకున్నాను. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే ఉంటాయి. చూసేవాళ్ళు లేరు.

ఈ రోజు ఎడ్విన్ ఫోను మోగింది.

వాడి ఫోనుకి నేను ఇంకా చార్జింగు పెడుతూనే ఉన్నాను. కంపెనీల మెసేజులు తప్ప ఏమీ రావు. రొయ్యలు ఒలుస్తున్నదాన్ని చేతులు కూడా కడుక్కోకుండా తీశాను. బెంగాలీ గొంతు, మర్యాదగా ఉంది. ఎడ్విన్ ఉన్నాడా అన్నాడు. లేడు బాబూ, పోయినేడు కాదు, ఆ ముందేడు దుర్గాపూజల తరవాత డెంగీ జ్వరంలో పోయాడు, నేను వాళ్ళమ్మని అన్నాను. ఇన్నేళ్ళు హౌరాలో ఉన్నాను, ఆ మాటలు బెంగాలీలో చెప్పడం బాగానే వచ్చు.

 అయ్యో, క్షమించండి మాషిమా అన్నాడు, పిన్నిని పిలిచినట్టు. పేరు తథాగత అట. కారు స్పీడుగా నడపడం నేర్పే కోర్సు పెడతాడట. ఎడ్విన్ సీటు తీసుకున్నాడట. ఆ ఏడాది వానలకి కోర్సు వాయిదా పడింది. సీటు ఇంకా వాడి పేరునే ఉంది, ఇంట్లో ఇంకెవరైనా వస్తారా అన్నాడు.

అక్కడ ఏం నేర్పుతావు అని అడిగాను. గట్టిగా వెళ్ళడం, గట్టిగా ఆగడం అన్నాడు.

వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో మా అమ్మాయి కారుణ్య. అంతా వినేసింది.

జనవరి 3, శనివారం

నేను వెళ్తానమ్మా అంటోంది. దానికి పంతొమ్మిదేళ్ళు. లైసెన్సు వచ్చి ఆరు నెలలు. అన్న కొనుక్కున్న నీలం ఆల్టో నడుపుతుంది. ఎంత దూరం? మా పేట టికియాపారా నుంచి చర్చికి, చర్చి నుంచి టికియాపారాకి. వాడు అందరి ముందూ దాన్ని కారూ, కారూ అని పిలిచేవాడు, అదే దాని అనుభవం.

పక్కింటి అమ్మన్నమ్మ విని, ఒలే విజయా, ఆడగుంటకి రేసులేటే, రేపు దానికి సంబంధం ఎవడు తెస్తాడే అంది. రేసు కాదు పిన్నీ, కోర్సు అన్నాను. ఏదైతే ఏటి, కారు కారే కదా అంది.

ఈయన ఖరగ్‌పూర్ నుంచి డ్యూటీ దిగి వచ్చాడు. గూడ్సు బండి డ్రైవరు. రోడ్డు అంటే నమ్మకం లేదు. రోడ్డుకి సిగ్నలుందేటి, గార్డున్నాడేటి, ఎవడికి తోచినట్టు ఆడు పోతాడు అన్నాడు. తరవాత చెయ్యి కడుక్కుంటూ, నానేటి చెప్పను, మీ అమ్మ ఏటంటే అదే అన్నాడు.

కారుణ్య నా ముందుకు వచ్చి నిలబడింది. అమ్మా, నువ్వు వద్దంటే వెళ్ళను, అడగను కూడా, అలగను కూడా అంది.

అలా నా నెత్తిన పెట్టి ఇద్దరూ అన్నం తిన్నారు. ఒక్క మాట. వద్దు. అంటే అయిపోతుంది. నాకు మిగిలింది ఈ పిల్ల ఒక్కతే.

కానీ ఆ ఫోను వచ్చాక దాని ముఖంలో ఒక వెలుతురు వచ్చింది. అన్న పోయాక అది ఇంట్లో ఏదీ అడగలేదు. చెప్పులు తెగినా అడగలేదు. ఇప్పుడు అడిగింది.

ఆ ‘వద్దు’ నేను అనలేదు. పులుసు వడ్డించాను.

జనవరి 4, ఆదివారం

స్త్రీల ప్రార్థనలో నిలబడి చెప్పేశాను. మా పిల్ల డ్రైవింగ్ కోర్సుకి వెళ్తుంది, ప్రార్థన చెయ్యండి అన్నాను. ఉద్యోగం ఇస్తారా అన్నారు. ఇవ్వరు. మరెందుకు? ఊరికే, ఇష్టం ఉన్నవాళ్ళు వెళ్తారు అన్నాను. ఎప్పుడు? వచ్చే ఆదివారం, ఆపై ఆదివారం. పాస్టరమ్మ కళ్ళద్దాలు తీసేసింది. రెండాదివారాలు ఆరాధన మానేసి కారు తోలడానికా విజయకుమారీ అంది.

ఎడ్విన్ సీటండీ అన్నాను.

పాస్టరమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. లేచి ప్రార్థన ఎత్తుకుంది. బ్రేకులు, టైర్లు, స్టీరింగు, ముందు అద్దం, వెనకద్దం, పేరు పేరునా అన్నీ దేవుడికి అప్పగించింది. క్లచ్చి దగ్గర నాకు నవ్వొచ్చి చెంగు అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కావిడ వీపు నిమిరింది.

జనవరి 8, గురువారం

కారు కడిగాం. సీటు కింద వాడి దువ్వెన దొరికింది. కారుణ్య దాంతో తల దువ్వుకుని మళ్ళీ అక్కడే పెట్టేసింది.

జనవరి 11, ఆదివారం

చాలా రాయాలి. కాళ్ళు లాగుతున్నాయి, అయినా రాస్తాను.

చీకటి ఉండగానే బయల్దేరాం. మంచు. కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీద లారీల ఎర్ర దీపాలు తప్ప ఏమీ కనిపించలేదు. డంకుని దాటాక ఒక పాత ఫ్యాక్టరీ, వెనకాల పెద్ద తారు మైదానం. అక్కడ ఉన్న కార్లు చూస్తే మా ఆల్టో పెళ్ళికి వచ్చిన పనిపిల్లలా ఉంది. చేతులకి గ్లౌజులు వేసుకున్న మగవాళ్ళు. బూట్లు కూడా వేరే రకం. కారుణ్య కాలేజీ బూట్లు వేసుకుంది.

తథాగత దా, ఇక్కడ అన్నని అలా అంటారు, పొడుగ్గా, బక్కగా ఉన్నాడు. టోపీ. నన్ను చూసి ముందు నాకు కుర్చీ వేయించాడు. తరవాత అందరికీ కారుణ్యని చూపించి, అందరికన్నా చిన్నది, అందరికన్నా కొత్తది, ఎవరూ భయపెట్టకండి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అది చెవుల దాకా ఎర్రబడింది.

టోస్టు తినవే, ఖాళీ కడుపుతో తిరిగితే కళ్ళు తిరుగుతాయి అని నేను కేకేస్తే ఒకాయన పరుగున వచ్చాడు. అమ్మా, మీరు తెలుగువాళ్ళా అన్నాడు. సోమశేఖర్ గారు. బ్యాంకులో ఆఫీసరు, రాజమండ్రి వైపు. తెల్ల కారు, దాని బొమ్మ కూడా చొక్కా మీద కుట్టించుకున్నాడు. మా ఆవిడ దృష్టిలో ఇదంతా పిచ్చి అండీ, నన్ను ఆదివారాలు ఇక్కడ వదిలేసి హాయిగా నిద్రపోతుంది అన్నాడు. మా టోస్టులు రెండు తిన్నాడు.

ముందు కూర్చోవడం నేర్పారు. నాకు ఆశ్చర్యం. కూర్చోవడానికీ పాఠమా? సీటు ముందుకు లాగాలట, వీపు ఆనాలట, మోకాలు కొంచెం వంగాలట. తరవాత ఆరెంజి రంగు కోన్లు వరసగా పెట్టి మధ్యలోంచి అటూ ఇటూ తిప్పించారు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఒక్క కోను కూడా పడలేదు. సోమశేఖర్ గారు నాలుగు పడగొట్టాడు.

మధ్యాహ్నం బ్రేకు పాఠం. దానికి కోర్సు వాళ్ళ ఎర్ర కారు ఇస్తారు. స్పీడుగా వచ్చి, జెండా ఊపగానే ఉన్న బలమంతా పెట్టి ఒక్కసారే తొక్కాలి. పాదం కింద బ్రేకు గడగడ కొట్టుకుంటుంది, భయపడకూడదు, వదలకూడదు.

కారుణ్య వచ్చింది. జెండా ఊపారు. ముందు కొంచెం తొక్కింది. ఇంకొంచెం. ఇంకాస్త. కారు పెద్దమనిషిలా మెల్లగా వచ్చి, ఆగాల్సిన చోటు దాటి కోన్ల మీదెక్కి ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

తథాగత దా కిటికీ దగ్గర వంగి, ఎవరు నేర్పారు నీకు అన్నాడు. నాన్న అంది. నాన్న ఏం నడుపుతారు? గూడ్సు. ఎన్ని పెట్టెలు? యాభై ఎనిమిది అంది. మా ఇంట్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ముందునుంచే కొంచెం కొంచెంగా పట్టాలి, బండిని బతిమాలి ఆపాలి అని దానికి ఆల్టో నేర్పినప్పుడు ఈయన రోజూ అదే చెప్పాడు.

సోమశేఖర్ గారు మైదానం అంతా వినబడేలా, అమ్మాయీ, నీ వెనక ఒక్క పెట్టె కూడా లేదమ్మా అని అరిచాడు. బెంగాలీలో కూడా చెప్పాడు. అందరూ పొట్టలు పట్టుకున్నారు. నేనూ నవ్వాను. కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వాను.

వెళ్ళేముందు తథాగత దా నాతో విడిగా మాట్లాడాడు. మాషిమా, వచ్చేవారం అడ్డం వచ్చినదాన్ని తప్పించే పాఠం, గట్టిగా తొక్కలేకపోతే ఆ తర్వాతి స్పీడు పాఠంలోకి పంపలేను, పంపితే ప్రమాదం అన్నాడు. స్టీరింగు పట్టడం మటుకు అన్నలాగే అన్నాడు. ఎడ్విన్ ఆ ఏడాది ఒకసారి వచ్చి మైదానం ఒక చుట్టు నడిపి చూసుకుని వెళ్ళాడట. నాకు తెలియదు.

అదే రోజు, రాత్రి 9

దారిలో జరిగింది రాయలేదు. రాయాలి.

నాన్న నేర్పినందుకేనా అలా తొక్కావు అని అడిగాను. కారుణ్య గేరు మార్చింది. కొంత నాన్నే, మిగతాది నువ్వు అంది. నువ్వు అక్కడ నిలబడి చెంగు నోట్లో కుక్కుకున్నావు. నీ ముఖం చూస్తే కాలు దానంతటదే మెత్తబడిపోయిందమ్మా అంది.

వద్దు అనలేదని ఎంత గొప్పగా అనుకున్నాను! నోటితో అనలేదు, అంతే.

జనవరి 12, సోమవారం

ఈయనకి యాభై ఎనిమిది పెట్టెల సంగతి చెప్పాం. దగ్గొచ్చేదాకా నవ్వాడు. తరవాత టీ గ్లాసు కింద పెట్టేశాడు. టీ చల్లారిపోయింది. ఎమర్జెన్సీ బ్రేకు వేరమ్మా, అది వేసేటప్పుడు బతిమాలడం ఉండదు, పట్టాల మీద ఏటుందో కనబడ్డాక ఇక చెయ్యి ఆలోచించకూడదు అన్నాడు. అలాంటి బ్రేకు వేసిన రోజుల గురించి ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడూ అంతకన్నా చెప్పలేదు. లేచి తన టిఫిన్ క్యారేజీ తనే కడుక్కున్నాడు.

జనవరి 14, బుధవారం

ఈ రోజు ఆ ‘వద్దు’ నాలుక మీదికి వచ్చింది. బెల్లంముక్క నోట్లో వేసుకున్నాను.

జనవరి 16, శుక్రవారం

గోడకి దిండు ఆనించి, కుర్చీలో కూర్చుని కారుణ్య తొక్కుతోంది. నేను జెండాకి బదులు గిన్నె తుడిచే గుడ్డ ఊపుతున్నాను. ధన్. ధన్. అవతల నుంచి అమ్మన్నమ్మ, ఒలమ్మో, ఇల్లు కూల్చేస్తారేటే అని గోడ మీద కొట్టింది. బ్రేకు పిన్నీ అని అరిచాను. ఆగిందా అని అరిచింది. ఆగింది అన్నాను. అయితే పడుకోండి అంది. సాయంత్రం నాలుగింటికి!

జనవరి 18, ఆదివారం

థర్మాకోల్ డబ్బాలతో మైదానం మధ్యలో గోడ కట్టారు. స్పీడుగా దాని మీదికి రావాలి. చివర్లో కుడిజెండానో ఎడమజెండానో లేస్తుంది. ఒక్కసారే తొక్కి అటు తిప్పాలి.

నేను సోమశేఖర్ గారి తెల్ల కారు వెనక దాక్కున్నాను. కనపడకపోతే చాలనుకున్నాను. మొదటిసారి కారుణ్య డబ్బాల్లోకి దూరిపోయింది. తెల్లముక్కలు గాల్లో లేచాయి. రెండోసారీ అంతే. దిగి ఎవరికోసమో చూస్తోంది. నా కోసమే. కనబడకపోతే ఇంకా ఎక్కువ వెతుకుతోంది.

ఇంక ఒక్కసారే ఉంది.

నేను తథాగత దా దగ్గరికి వెళ్ళి అడిగాను, నేను పక్కన కూర్చోవచ్చా అని. ఇంటివాళ్ళని సాయంత్రం చివర్లో ఎక్కిస్తాం మాషిమా, ఇప్పుడు కాదు అన్నాడు. నా ముఖం చూశాడు. వెళ్ళి హెల్మెట్ తెచ్చాడు. నేను వెనక కూర్చుంటాను అన్నాడు.

హెల్మెట్ నా ముడి మీద ఆగిపోయింది. పిన్నులన్నీ తీసి జుట్టు విరబోసుకుంటే గానీ పట్టలేదు. సోమశేఖర్ గారు అమ్మగారూ, పాపికొండల దాకా పోనివ్వండి అని చెయ్యి ఊపాడు.

అమ్మా, దిగిపో అంది కారుణ్య. 

నా ముఖం కనిపిస్తోందా అన్నాను. హెల్మెట్‌కి నల్లద్దం. లేదు అంది. అయితే నువ్వు ముందుకి చూడు, నా ముఖం సంగతి నేను చూసుకుంటాను అన్నాను.

కదిలింది. నేను గూడ్సు ఇంజన్లో ఒకసారి ఎక్కాను, మెట్రో ఎక్కాను, ఇలాంటిది ఎప్పుడూ ఎక్కలేదు. తెల్లగోడ పెద్దదవుతోంది. భయం పోలేదు. నిండుగా ఉంది, హెల్మెట్ లోపల నాతో పాటే ఉంది. ఎడమజెండా లేచింది. కారుణ్య తొక్కింది. దిండుని తొక్కినట్టు, ధన్. నా కాలు కూడా నేలని తొక్కింది. ఒళ్ళంతా బెల్టులోకి పోయింది. పాదాల కింద గడగడమని, కారు తిరిగింది, డబ్బాల గోడ నా కిటికీ పక్కనుంచి పోయింది. నిలబడే ఉంది. ఒక్క డబ్బా కూడా కదల్లేదు.

ఆగాం. ఎవరో అరుస్తున్నారు. ఎవరా అని చూస్తే నేనే. ఆస్పత్రిలో ఆ రోజు నాకు నోరు పెగల్లేదు. ఆ తర్వాత కూడా చాటుగా ఏడ్చానే గానీ గొంతు బయటికి రాలేదు. ఇక్కడ వచ్చింది. ఎంతసేపు అరిచానో తెలియదు.  అయిపోయాక నవ్వొచ్చింది.

కారుణ్య నా అద్దం పైకెత్తి, భయమేసిందా అంది.

మళ్ళీ పోనియ్యి అన్నాను.

వెనకనుంచి తథాగత దా, అరే బాబా మాషిమా అని నెత్తి పట్టుకున్నాడు.

సాయంత్రం స్పీడు పాఠంలోకి దాన్ని పంపారు. నేను ముందువరసలో కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. నాకు కారం బఠాణీలు దొరికాయి. తిన్నాను.

జనవరి 21, బుధవారం

తథాగత దా ఫోను. ఈసారి కారుణ్య నంబరుకే చేశాడు. మార్చిలో దక్షిణాన నిజమైన రేసు ట్రాక్ మీద పెద్ద కోర్సు ఉందట. రైల్లో రెండు రాత్రులు. అది ఫోను చేత్తో మూసి నా వైపు చూసింది.

వెళ్ళు అన్నాను. నా ముఖం కూడా చూపించాను.

జనవరి 22, గురువారం

చేపల బజారుకి వెళ్ళాను. చేపలవాడు రుయి చూపించాడు. వద్దన్నాను. కాత్లా. వద్దు. ట్యాంగ్రా, నిన్ననే మీరు అడిగారు కదా బౌదీ అన్నాడు, వదినా అన్నట్టు. వద్దు, వద్దు, వద్దు అన్నాను, బజారంతా తిరిగి చూసింది. కోపమొచ్చిందా బౌదీ అన్నాడు. లేదు నాయనా, ఎంత హాయిగా ఉందో అన్నాను.

ఖాళీ సంచీతో ఇంటికొచ్చి గుడ్లు వండాను.