పొలిమేర రాయి, పది గజాలు

మార్ల్‌కూంబ్,
28 ఏప్రిల్ 1953

చిన్ననాటి నేస్తం యూనిస్‌కు,

డోర్కస్ ప్రేమతో రాస్తున్నది. మోకాళ్లు తప్ప నాలో అన్నీ క్షేమం. నువ్వూ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఏటి అవతలి గట్టుకు ఉత్తరం రాయడం నవ్వులాటే. నలభై రెండేళ్లు మాటల్లేక, నీ గుమ్మం ఎక్కడానికి ముఖం చెల్లలేదు.

పాదిరిగారు మన ఊరి చరిత్ర రాయమని నన్ను పట్టుకున్నారు. చర్చికి ఏడు వందల ఏళ్లు నిండుతున్నాయి. ప్లేగు, పిడుగు, గంటలు పోతపోసిన సంవత్సరం, అన్నీ హాయిగా సాగాయి. 1911 దగ్గర కలం ఆగింది.

ఆ ఏడాది పొలిమేర చుట్టు నీకు గుర్తుండే ఉంటుంది. ఊరంతా బెత్తాలతో చర్చి హద్దుల వెంట నడిచి, రాయి రాయికీ ఒక పిల్లను ఎత్తి కుదేసేవాళ్లం. హద్దు బుర్రకెక్కాలంటే ముందు పిర్రకు తగలాలనేవాడు మీ నాన్న. ఆ రోజు మీ తోట పక్క రాయి పది గజాలు చర్చి భూమిలోకి జరిగి ఉంది. ఏమోస్, నీ రాయికి కాళ్లొచ్చాయేంట్రా అని కమ్మరి మీ నాన్నను వెటకారమాడాడు. జరిపినవాడే వెనక్కి పెట్టాలని ఊరు పట్టుబట్టింది. జరపని రాయి నేనెందుకు ముట్టుకుంటానని మీ నాన్న భీష్మించాడు. రాయి నేటికీ అక్కడే ఉంది. ఆయన మాత్రం ఏళ్లుగా తాను మోగించిన చర్చి పెద్ద గంట తాడు వదిలి, మిమ్మల్ని తీసుకుని ఏరు దాటాడు. రాయి దొంగ అన్న పేరుతోనే పోయాడు పాపం.

ఆ పేరు చెరిపేశాను. మొన్న ఆదివారం ఆ పేజీ చర్చిలో అందరి ముందూ చదివాను. కమ్మరికి ఇప్పుడు ఎనభై మూడు. కర్ర ఊతతో లేచి, ముందు నోరు జారింది నేనే, రాయికి ఒక చెయ్యి నేనూ వేస్తాను అన్నాడు.

మే పదకొండు, సోమవారం, రాయిని పాత చోట పాతుతాం. గంట తాడు మీ పెద్దవాడి చేతికివ్వాలని గంటలవాళ్ల కోరిక. నాకోసం కాకపోయినా మీ నాన్న కోసం రా.

ఇట్లు,
నీ డోర్కస్

తా.క. ఏం చదివావని అడుగుతావు. ఆ ఏడాది ఆ రాయి మీద కుదేయాల్సిన పిల్లను నేనే. చుట్టూ దురదగొండి. మూడు రోజులు ఏడ్చాను. చూడలేక మా నాన్న గునపంతో రాయిని చర్చి పచ్చికలోకి జరిపాడు. చర్చి పెద్ద అయ్యుండీ, ఆనక నోరు విప్పలేదు. ఎనిమిదేళ్ల దాన్ని, అన్నీ తెలిసీ నేనూ విప్పలేదు. ఈసారి ఆ దురదగొండి కొట్టేయవద్దన్నాను. ముందు కూర్చునేది నేనే. ఎత్తి కుదేయడానికి నువ్వు రా.