బిళ్ళల అడుగున పసుపు

ఫిబ్రవరి 3

పొద్దున్నే రంపం మిషను మొదలు. టీ నీళ్ళు ఇంకా మరగలేదు, పెరట్లో గుయ్యిమని మోత. కోడలు కుమారి వేళ్ళు ఆ పళ్ళచక్రానికి జానెడు దూరంలో ఉంటాయి. చూడలేను. చూడకుండా ఉండలేను. గుమ్మంలో కూర్చుని దేవుడి పేర్లు అన్నీ అనుకుంటాను, మోత ఆగాక వేళ్ళు చూస్తాను. అన్నీ ఉన్నాయి. అప్పుడు టీ.

ఆ మిషను మా అబ్బాయి శీనుది. వాడు బండి ప్రమాదంలో పోయాక గోనెసంచి కప్పుకుని మూల పడి ఉండేది. దాన్ని తీసి, తుడిచి, నూనె రాసి కుమారి ఆన్ చేసిన రోజు నేను లోపల మంచమ్మీద పడి ఏడ్చాను. వాడే పెరట్లో ఉన్నట్టు… ఇప్పుడు ఏడుపు రాదు. భయమే.

ఫిబ్రవరి 5

బిభు బాబు వచ్చాడు. మా ఒడియా ఊరి గేట్ బజార్లో పెళ్ళి డెకరేషన్ షాపు అతనిదే. ఈసారి పెద్ద పని తెచ్చాడు — సముద్రం ఒడ్డున హోటల్లో పెళ్ళి, టేబుల్ టేబుల్‌కీ మా బిళ్ళలేనట. ఇన్నాళ్ళూ పుట్టినరోజులకి, ఫొటో స్టూడియోకి చేసింది కుమారి. పెళ్ళికి ఇదే మొదలు.

దుంగని అడ్డంగా కోస్తే బిళ్ళ. గుండ్రంగా, వేలెడు మందం. చుట్టూ బెరడు చెక్కుచెదరకూడదు. దాని మీద గాజుబుడ్డి పెట్టి పూలు పెడతారట, దీపం పెడతారట. మా రోజుల్లో పెళ్ళికి కర్రలంటే గాడిపొయ్యిలోకే. ఇప్పుడు తెల్లగుడ్డ పరిచి దాని మీద పెడుతున్నారు. అదే అన్నాను. బిభు బాబు నవ్వి, "మావుసీ, ఇప్పుడు పొయ్యి హోటలోళ్ళది, కర్ర మనది" అన్నాడు. తెలుగు బాగానే నేర్చాడు, ఒడియా యాసతో. పిన్నీ అనడానికి మాత్రం మావుసీయే.

ఆర్యపల్లి వైపు గాలికి పడిపోయిన సరుగుడు దుంగలు ఆటోలో తెచ్చాడు. కూలీ ఉన్నా తనే భుజాన వేసుకుని దింపాడు. కుమారి బొటనవేలికి కట్టు ఉంది, గీసుకుంది మొన్న. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. టీ చల్లారిపోయింది.

నేను చూశాను. చూడనట్టు గ్లాసు తీసేశాను.

ఫిబ్రవరి 6

ఆ చూపు గురించే ఆలోచన. పిల్లకి ముప్పై దాటలేదు. ఎల్లిపోతే నాకెవరు? అదే ముందు వచ్చింది మనసులోకి. తర్వాత సిగ్గేసింది. తర్వాత మళ్ళీ అదే.

ఫిబ్రవరి 8

బిళ్ళలు వసారాలో నీడన ఆరబెట్టాం. ఎండ తగిలితే బీటలిస్తాయి. ఎండ జరిగినప్పుడల్లా నేనూ వాటిని జరుపుతున్నాను. నడుం పోతోంది.

పక్కింటి పార్వతి గోడ మీంచి చూసి, ఇవన్నీ పెళ్ళికేనా అంది. ఔనన్నాను గొప్పగా. గోడ మీదికి ఇంకాస్త వంగి అంది — "ఏటోలే వదినా. ఇంట్లో ఇద్దరూ బొట్టు లేనోలే. మీ సేతులతో పెళ్ళి సరుకు సేసి పంపుతన్నారు. ఆలకి తెలుసా?"

కుమారి మిషను దగ్గరుంది. వినలేదు. వినలేదనే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 9

అన్నం సయించలేదు. ఆ పెళ్ళికూతురు ఎవరి బిడ్డో. ఎక్కడుందో, ఎలా ఉంటుందో. గోరింటాకు పెట్టుకోడానికి కూర్చుని ఉంటుంది. దానికేమైనా అయితే…

మా శీను పెళ్ళికి పందిట్లో అంతా శుభ్రంగానే జరిగింది. అప్పటికి మా ఆయన ఉన్నాడు, ఒక్క ముండమోపి చెయ్యి తగల్లేదు. అయినా వాడు పోయాడు. అది నాకు తెలుసు. తెలిసినా భయం తగ్గదు.

ఫిబ్రవరి 10

ఠాకురాణి గుడికెళ్ళి పసుపు తెచ్చాను. కుమారి వార్నీషు డబ్బా కోసం బజారుకెళ్ళింది. ఆ సందులో పసుపు తడిపి, ఒక్కొక్క బిళ్ళ తిప్పి అడుగున అద్దాను. అమ్మవారి పసుపు కదా. మా చేతుల దోషం అది మింగేస్తుంది. పైన కనిపించదు, వార్నీషు కూడా పైన పూతే. ఎవరికీ తెలియదు.

మనసు తేలికైంది. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఫిబ్రవరి 12

సరుకు ఎల్లింది. ప్రతి బిళ్ళకీ నేను కాగితం చుట్టి ఇస్తే అట్టపెట్టెల్లో పేర్చింది కుమారి. ఆటో మలుపు తిరిగేదాకా వీధిలోనే నిలబడింది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "బాగున్నాయి కదత్తా" అంది. చాలా రోజులకి ఆ మొహంలో వెలుగు చూశాను.

ఫిబ్రవరి 14

ఎలా రాయను.

బిభు బాబు ఫోన్ చేశాడు. టేబుళ్ళ మీద తెల్లగుడ్డలన్నిటికీ పసుపు మరకలు. పూలబుడ్డీల్లో నీళ్ళు ఒలికాయట, బిళ్ళలు తడిశాయి, అడుగున పసుపు కారింది. హోటలోళ్ళు పెద్ద గొడవ పెట్టారు. ఫొటో పంపాడు. కుమారి ఫోన్ నా ముందు పెట్టింది. గుడ్డ మీద గుండ్రంగా పచ్చటి మచ్చ, పక్కన ఇంకోటి, ఇంకోటి.

నేను ఏమీ అనకముందే తెలిసిపోయింది దానికి.

"అత్తా, నా సెయ్యి తగిలితే ఆ పిల్లకేటవుతాదని?"

"నీ సెయ్యి కాదమ్మీ, నా సెయ్యి. నాను కూడా రుద్దినాను కదా ఉప్పుకాగితం ఎట్టి."

"నువ్వు రుద్దినవి నాలుగు. మరి నాను సేసినోటికి ఎందుకెట్టావు?"

అబద్ధం చెప్పలేదు నేను, సగం నిజం చెప్పాను. మిగతా సగం కుమారి మొహాన చెప్పలేను. ఇక్కడ కూడా రాయను.

ఫిబ్రవరి 15

మిషను మోత లేదు. ఇదివరకు మోతకి భయపడేదాన్ని.

ఫిబ్రవరి 16

అన్నం వడ్డిస్తుంది. నీళ్ళు తోడుతుంది. మందు బిళ్ళ చేతిలో పెడుతుంది. మాట లేదు.

ఫిబ్రవరి 18

మిగిలిన బెరడు ఊడ్చేస్తుంటే అరచేతిలో పేడు దిగింది. చెప్పలేదు. నేను చెయ్యి ఎత్తి ఎత్తి చూసుకోవడం కుమారి గమనించింది. వచ్చి, వెలుతురుకి లాక్కుపోయి, పిన్నీసుతో తీసింది. నాది గట్టి తోలు, చాలాసేపు పట్టింది. తీశాక కూడా చెయ్యి వదల్లేదు. బొటనవేలితో రుద్దుతూనే ఉంది.

"ఎప్పుడూ ఏదోటి" అంది.

అంతే. ఆ మాట చాలు నాకు. కళ్ళనీళ్ళు దాచుకోడానికి ఎండ అన్నాను. "ఎండెక్కడుందత్తా, వసారాలో ఉన్నాం" అంది. పెదవి కొస కొంచెం కదిలింది.

ఫిబ్రవరి 21

బిభు బాబు వచ్చాడు. కాళ్ళ మీద పడిపోదామనుకున్నాను. పడనివ్వలేదు. తప్పు తనదే, బిళ్ళ కింద ప్లాస్టిక్ ముక్క పెట్టాల్సింది అన్నాడు. నాకోసమే అన్నాడు ఆ మాట.

గుడ్డలన్నీ ఇంటికి పట్టుకుపోయాడట. సబ్బు పెడితే మరకలు ఎర్రగా తిరిగాయి, ఇంక పోవని కూర్చున్నాడట. వాళ్ళమ్మ నవ్వి, సబ్బు మానెయ్యి, ఎండలో పడెయ్యి అందట. మేడ మీద తాళ్ళు కట్టి నాలుగైదు రోజులు ఆరేసింది ఆవిడ, రోజూ తిప్పి తిప్పి. పసుపు ఎండకి వెలిసిపోయింది. హోటలోళ్ళు ఊరుకున్నారు.

"మా బొవు అడిగింది, ఎవులింటి పసుపు ఇది అని. చెప్పినాను. కనబడని చోట పెట్టినోళ్ళని నేను చూడాలి అంది."

బొవు అంటే అమ్మ. ఇది చెప్తూ నన్ను చూడలేదు. పెరట్లోకి చూస్తున్నాడు. అక్కడ కుమారి కొత్త దుంగకి సుద్దతో గీతలు పెడుతోంది. వాడి గొంతు వినబడ్డాక గీత వంకర పోయింది. చెరిపి మళ్ళీ పెట్టింది. మళ్ళీ వంకరే.

ఫిబ్రవరి 22

ఆవిడ ఎందుకొస్తుందో నాకు తెలుసు. కుమారికీ తెలుసు. ఇద్దరం కలిసి గుమ్మం కడిగాం, ఏమీ తెలియనట్టు.

ఫిబ్రవరి 26

వచ్చింది. పొట్టి మనిషి. నుదుటన బొట్టు లేదు. నాలాగే. లోపల కుర్చీ వేస్తే కాదని పెరట్లో దుంగల మీదే కూర్చుంది. భర్త పోయాక ఆడపిల్లల పెళ్ళిళ్ళన్నీ తన చేతులతోనే చేసిందట. పసుపు తనే దంచింది, తనే రాసింది. అందరూ తప్పన్నారట, ఆవిడ విన్నదట, దంచుతూనే ఉందట. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యేసరికి బిభు వయసు దాటిపోయింది. వాడికి ఎవరూ నచ్చలేదు ఇన్నాళ్ళు… అని ఆగింది.

కుమారి వేయించిన అటుకులు తెచ్చి పెట్టి లోపలికెళ్ళిపోయింది. తలుపు వెనకే ఉందని సందులో కనబడ్డ కొంగు చెప్పింది.

అప్పుడు నా చెయ్యి పట్టుకుంది ఆవిడ. అపా అంది — అక్కా అని. మీ ఝియని మా ఇంటికి ఇస్తారా అంది. ఒడియాలోనే అడిగింది, మెల్లగా, నాకు అర్థం కావాలని.

ఝియ అంటే కూతురు. బోహూ అనలేదు, కోడలు అనలేదు. నీ కూతుర్ని ఇస్తావా అని నన్ను అడిగింది.

కాస్త టైము కావాలన్నాను. ఎనిమిదో తారీకున ఫోన్ చేస్తానంది.

ఫిబ్రవరి 27

దిగపహండిలో ఉన్న కుమారి అన్నకి ఫోన్ చేశాం. తల్లీ తండ్రీ లేరు కదా, వాడే దిక్కు. మీ ఇష్టం అనేసి పెట్టేశాడు.

ఇంక నేనే.

మార్చి 1

అడిగాను. నీకు ఇష్టమేనా అమ్మీ అని.

ఉప్పుకాగితం ఆపకుండా అంది — "నాను ఎల్లిపోతే నీకు ముద్ద ఎవులెడతారు?"

ఇష్టమా అంటే అన్నం సంగతి చెప్తోంది. కాదని అనలేదు. నేను ఆ ఒక్కటే విన్నాను. కాదని అనలేదు.

మార్చి 3

బిభు బాబు ఏదో చెప్పిపోయాడు. మిషను ఇక్కడే ఉంటుందట, పని ఇక్కడేనట, రోజూ పొద్దున్నే దింపి సాయంత్రం తీసుకెళ్తాడట. నాకు నమ్మకమే, వాడు మంచివాడు. కానీ మొదట రోజూ వస్తుంది. తర్వాత వారానికోసారి. తర్వాత కడుపుతో ఉంటే దుమ్ము పడదు. తర్వాత చంటిబిడ్డ. అలా రావడం మానేస్తుంది. తప్పెవరిదీ కాదు.

వాళ్ళమ్మ నన్ను కూడా వచ్చేయమందట. ఏ వరసన వెళ్ళను? శీను ఫొటో ఎక్కడ పెట్టుకోను? కొత్త అల్లుడింటి గోడకా?

మార్చి 4

కుమారికి జలుబు. కషాయం కాచాను. తాగి మొహం చిట్లించింది చిన్నపిల్లలా. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇలాగే చిట్లించేది, శీను నవ్వేవాడు.

మార్చి 6

వద్దని చెప్తే? ఊరికే అనుకుంటున్నాను. వద్దంటే ఇది ఏమీ అనదు. రేపు కూడా మందు బిళ్ళ చేతిలో పెడుతుంది. ఎల్లుండి కూడా. నేను పోయేదాకా పెడుతుంది. ఆ తర్వాత దీనికి ఎవరు పెడతారు?

ఆలోచించి ఆలోచించి అక్కడే ఆగిపోతున్నాను.

మార్చి 7

రేపు ఫోన్ వస్తుంది. ఒడియాలో ఎలా చెప్పాలో మనసులో అనుకుంటున్నాను. దేబు. ఇస్తాం. చిన్న మాటే. కూర తరుగుతూ అన్నాను, పెదాలతోనే. బావి దగ్గర అన్నాను, పార్వతి ఉంది. ఆపేశాను.

మధ్యాహ్నం కుమారి పెద్ద దుంగ ఎక్కించింది. మోతకి గోడలు అదురుతున్నాయి. ఇదే అదును అనుకుని గుమ్మంలో నిలబడి పైకే అన్నాను. దేబు. గొంతు వచ్చింది. మళ్ళీ అన్నాను. తర్వాత తెలుగులో వచ్చేసింది దానంతటదే — ఇచ్చేస్తాను అమ్మీ, నిన్ను ఇచ్చేస్తాను, ఎల్లు.

మిషను ఆగింది.

ఎప్పుడు ఆగిందో. ఏ మాట దగ్గర ఆగిందో. కళ్ళద్దాలు పైకెత్తి చూస్తోంది. మొహమంతా రంపంపొట్టు.

"ఏటన్నావత్తా?"

పప్పు మాడుతోందని లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద పప్పు లేదు. ఏమీ లేదు. కూర్చుని ఇది రాస్తున్నాను, చేతులకి పని ఉండాలని.

పెరట్లో నీళ్ళ చప్పుడు. మొహం కడుక్కుంటోంది.

చెంబు కింద పెట్టింది. ఇటే వస్తోంది.