ఆల్చిప్పల వరస మునిగిన రోజు

క్రాబి,
బుధవారం.

అమ్మకు,

ప్రాంగ్ చేతులు జోడించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మామయ్యా ప్రాణాలతో, ఆకలితో బాగానే ఉన్నాం. చంతబురి దురియన్ పండ్ల తోటల్లో నీ నడుము నొప్పి కాస్త తగ్గిందని తలుస్తాను.

ముందు నీ ఉత్తరానికి జవాబులు. వంటింటి పైరేకు మార్పించాను. పొద్దున అన్నం తిన్నాకే పడవ ఎక్కుతున్నాను. "ఆడపిల్లవి, సముద్రపు గుహల్లోకి ఊరుకాని ఊరివాళ్లను తిప్పడమేమిటే" అన్నావు. నేను తెడ్డు పడితే క్రాబిలో నాకు సాటి ఎవరో చూపించు! మొన్నొక కొరియా ముసలమ్మగారు నా కయాక్ పడవ తప్ప ఎక్కనని మొండికేసింది.

ఇక మీ అన్నయ్య, అదే మామయ్య, కళ్లెలా ఉన్నాయని అడిగావు. పోయినసారి "బ్రహ్మాండం" అని రాశాను. అబద్ధమమ్మా. ఫోన్‌లో చెబుదామంటే నోరు పెగల్లేదు.

శుక్రవారం నేనూ మామయ్యా ఆరుగురు సందర్శకులతో గుహ దగ్గరికి వెళ్లాం. గుహ దాటితే కొండ నడుమ మడుగు. పోటు పెరగకముందే చూసి వచ్చెయ్యాలి. గుహ నోటి దగ్గర రాతికి పట్టిన ఆల్చిప్పల పై వరస కనిపిస్తేనే లోపలికి పోవాలని నాకు నేర్పింది మామయ్యే. ఆ రోజు ఆ వరస మునిగిపోయి ఉంది. నాకు స్పష్టంగా కనిపించింది. మామయ్య మాత్రం, "ఇంకా బోలెడు టైముంది, పదండి పదండి" అన్నాడు. పరాయివాళ్ల ముందు పెద్దల మాటకు అడ్డు రాకూడదని నువ్వు పెంచిన పిల్లను కదా! నోరు మూసుకుని వెనకే వెళ్లాను.

తిరిగొచ్చేసరికి నీళ్లకూ గుహ కప్పుకూ మధ్య మూరెడే మిగిలింది. "అందరూ వెల్లకిలా పడుకోండి! ముక్కులు జాగ్రత్త!" అని అరిచి, వాళ్ల మూడు పడవల్నీ నా పడవకు తాడుతో కట్టి, కప్పును అరచేతులతో నెట్టుకుంటూ లాక్కొచ్చేశాను. బయటపడ్డాక వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇదంతా టికెట్టులో భాగమే అనుకున్నారు మరి.

అందరికన్నా చివర తన పడవలో ఉన్న మామయ్య రాలేదు. దారి మూసుకుపోయింది. మడుగులోనే ఆగాడో, దూరబోయి ఇరుక్కున్నాడో తెలియదు. సందర్శకుల్ని మమ్మల్ని తెచ్చిన మోటారు పడవలో పంపేసి, పోటు తగ్గేదాకా నాలుగు గంటలు గుహ ముందే కూర్చున్నాను. ఆ నరకం పగవాళ్లకు కూడా వద్దమ్మా.

సాయంత్రానికి వచ్చాడు. మోచేతులు గీరుకుపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"నాకు కనబడింది మామయ్యా. చెప్పలేదు."

"నాకు కనబడక రెండేళ్లయిందే పిచ్చిదానా. ఎవరో ఒకరు వద్దంటారని చూశా. అందరూ మర్యాదే చేశారు."

నిన్న మళ్లీ వెళ్లాం, ఈసారి ఎనిమిది మందితో. కళ్ల డాక్టరు దగ్గరికి శనివారం వెళ్దామని ఒప్పించాను కానీ, ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? గుహ ముందు మామయ్య, "పదండి" అంటూ తెడ్డు వేశాడు.

"వద్దు మామయ్యా. నీళ్లెక్కువున్నాయి" అన్నాను, అందరికీ వినబడేలా.

మామయ్య తెడ్డు ఆగింది. నావైపు చూడలేదు. మెల్లగా పడవ తిప్పి, "మా మేనకోడలు వద్దంటే వద్దు" అని అతిథులతో చెప్పి, వచ్చి నా పడవ వెనక నిలిచాడు.

కోపం వస్తే నన్ను తిట్టు, ఆయన్ను కాదు.

ఇట్లు,
పెద్దల మాట కాదన్న నీ కూతురు,
ప్రాంగ్