ఆరో బల్ల మాత్రల డబ్బా

కార్మిక వైద్యశాల వైద్యాధికారి గారి సముఖమునకు, ఇంజెక్షన్ సీసాల తనిఖీ హాలు ఆరో బల్ల రెండో కుర్చీ కార్మికుడు తమ వరండా బెంచీ మీద కూర్చుని రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా పక్క కుర్చీ కార్మికుడు, హాలంతా 'డేగ' అని పిలిచే మనిషి, గుండె దడతో తమ గది బయట కూర్చుని ఉన్నందున, తమరు వెంటనే వచ్చి చూచుట గురించి.

ఈ సంగతి ఇరవై నిమిషాల క్రితమే నాలుగు ముక్కల్లో రాసి ఇచ్చియుంటిని. తమ గుమాస్తా గారు తిప్పి ఇచ్చేశారు. 'విషయం' అని రాయలేదట. అంశాలకు అంకెలు లేవట. ఫ్యాక్టరీ చీటీ లేకుండా వచ్చిన రోగిని లోపలికి పంపాలంటే కారణాలు వివరంగా ఉండాలట. లోపల తమరు ఆడిట్ వారితో మాట్లాడుతున్నారట, తలుపు తడితే మా ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయట. అంబులెన్సు గేటు దగ్గరే నిలబడి ఉంది గానీ తమ సంతకం లేనిదే కదలదట. సరే, అంకెలు వేసే రాస్తున్నాను. ఈ రోజు నేను నా మాత్ర వేసుకోలేదు, కాబట్టి మధ్యలో దారి తప్పితే మన్నించగలరు. ఎందుకు వేసుకోలేదో కింద వస్తుంది.

1. నన్ను హాలులో 'పరధ్యానం' అంటారు. మనసు ఒకచోట నిలవని జబ్బు నాకు పుట్టుకతోనే ఉందని ముప్పై నాలుగో ఏట తెలిసింది. అంతవరకు సోమరితనం అనే అనుకున్నాం, ఇంట్లో వాళ్ళూ నేనూ. నేను పొయ్యి మీద పెట్టి మాడ్చిన గిన్నెలకు లెక్క లేదు. పట్టణంలో మనోవైద్యురాలు ఒకావిడ ఉన్నారు, నేను డాక్టరమ్మ అంటాను. ఆవిడ మూడుసార్లు పిలిపించి, గంటల తరబడి అడిగి, రక్తపోటు చూసి, నాడి చూసి, మా వంశంలో ఎవరైనా గుండెజబ్బుతో పోయారా అని గుచ్చి గుచ్చి అడిగి, అప్పుడు రాశారు మాత్ర. రోజుకు ఒకటి, పొద్దున తిన్న తర్వాత. మధ్యాహ్నం దాటాక వేసుకుంటే నిద్ర చెడుతుంది. సొంతంగా మోతాదు పెంచకూడదు. తాళంలో పెట్టుకోవాలి. చివరగా ఆవిడ చెప్పిన మాట: "ఇది నీ కొలతకు కుట్టిన చొక్కా. ఇంకొకరికి తొడగొద్దు." నేను తలూపాను. ఆ మాత్ర వేసుకున్న వారంలో, అయ్యా, నా జీవితంలో మొదటిసారి ఒక పేజీ మొదలుపెట్టి చివరిదాకా చదివాను. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, ఆ మందు మంచిదే. తప్పు మందుది కాదు.

2. మా పని తమరికి తెలుసో లేదో. ఒక్కో సీసా తీసి, తిప్పి, నల్ల పలక ముందు అయిదు సెకన్లు, తెల్ల పలక ముందు అయిదు సెకన్లు దీపం వెలుగులో చూడాలి. నలుసు కనబడితే పక్కన పెట్టాలి. నలుసు రాకూడదని హాలులోకి కాగితం రానివ్వరు, అట్ట రానివ్వరు, మాత్రలకు ఉండే తళుకు రేకు అసలే రానివ్వరు. బట్టలు మార్చుకునే గదిలోనే రేకులు చించి, మాత్రలు విడిగా తీసి, బల్లకొకటి చొప్పున ఉన్న స్టీలు డబ్బాలో వేయాలి. అంటే పేరు, తేదీ, ఎవరికి రాశారు అన్నవి చెత్తబుట్టకు, వట్టి మాత్రలు డబ్బాకు. తెల్లది తలనొప్పికి, పచ్చది కడుపుకి, పెద్దది ఒళ్ళునొప్పులకి. ఏ బల్ల డబ్బా ఆ బల్ల వాళ్ళందరిదీ. ఒకరు తలనొప్పని లేస్తే నలుగురి లెక్కా పడిపోతుంది గనుక, ఎవరు తెచ్చినా అందరికీ తెచ్చినట్టే. ఇది రూలు కాదు, మా మర్యాద. అంత శుభ్రమైన హాలు పక్కన అంత మురికి డబ్బా.

పది గంటల షిఫ్టు ఆరింటికి మొదలు, క్యాంటీను ఎనిమిదింటికి. తిన్న తర్వాతే వేసుకోవాలి గనుక వారానికి సరిపడా తెచ్చి, రేకులు చించి, నేనూ ఆ డబ్బాలోనే వేశాను. అందరూ అలాగే వేస్తారు కదా అని. పరధ్యానం అన్న పేరు ఊరికే రాలేదు.

3. డేగకు ఒకరోజు తల పగిలిపోతోంది. డబ్బాలో తెల్లది కనబడింది, వేసుకున్నాడు. అది నాది. మామూలుగా వాడు షిఫ్టుకి రెండు వేల నాలుగు వందల సీసాలు చూస్తాడు. ఆ రోజు మూడు వేల వంద చూశాడు, ఒక్క పొరపాటు లేకుండా. సూపర్‌వైజరు గారు అందరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. మర్నాడు వాడు నన్ను మెల్లగా అడిగాడు, ఆ చిన్న తెల్లది నీదేనా బావా అని. మాకు చుట్టరికం లేదు, ఆరేళ్ళ పక్క కుర్చీ చుట్టరికం. నాదే అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను, అదే నా మొదటి నేరం.

4. ఆ తర్వాత మూడు వేల వంద అన్నది హాలు మొత్తానికి కొలబద్ద అయింది. అన్ని బల్లలకూ బోర్డు మీద రాశారు. ఇక డేగ ఆపలేడు.

5. మాత్రలు తొందరగా అయిపోతున్నాయి. నేను గడువుకు ముందే వెళ్ళి, పారేసుకున్నానని చెప్పాను. డాక్టరమ్మ కళ్ళజోడు తీశారు. "పోయాయా, ఎవరికైనా ఇస్తున్నావా? ఇస్తుంటే ఇప్పుడే చెప్పు, తిట్టను. ఆ మనిషిని తీసుకురా, చూస్తాను." నేను ఆవిడ కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పాను. ఒక్క వారానికి మాత్రం రాసిచ్చారు. ఆవిడ తప్పు ఇందులో వెంట్రుకవాసి కూడా లేదని, విచారణలో ఎవరైనా ఆవిడ పేరు ఎత్తితే ఈ అంశం చూపించవలెనని మనవి.

6. సదరు డేగ రెండు నెలలుగా క్యాంటీనులో పళ్ళెం ముందు కూర్చుంటాడు గానీ తినడు. పళ్ళు నూరుతాడు. ఉదయం ఒకటి సరిపోక మధ్యాహ్నం ఇంకొకటి, పైన జలుబు మాత్రలు, వాటి పైన కాఫీలు. పోయిన వారం మూడు వందల సీసాలు నలుసు ఉందని పక్కన పెట్టాడు. మళ్ళీ చూస్తే ఒక్కదానిలోనూ ఏమీ లేదు. భయపడాల్సింది పోయి, కన్ను ఇంకా పదునెక్కిందన్నారు సూపర్‌వైజరు గారు. మంచినీళ్ళ గ్లాసు దీపానికి ఎత్తి చూస్తాడు. నా కళ్ళలో కూడా నలుసు ఉందన్నాడు. బల్లలో మిగతా ఇద్దరూ కావాలని తన సీసాల్లో ఏదో వేస్తున్నారని నా చెవిలో చెప్పాడు. ఆ మాట అన్నప్పుడు వాడు వాడిలా లేడు. నాకు భయం వేసింది. అయినా డబ్బా ఎత్తి అవతల పారేయలేదు.

మొన్న వాళ్ళక్క గేటు దగ్గరికి వచ్చింది. దర్జీ పని చేస్తుంది, మెడలో టేపు అలాగే ఉంది. అయిదు రోజులుగా తమ్ముడు పడుకోవడం లేదని, గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడని ఏడ్చింది. ఏం తింటున్నాడు, ఏం తాగుతున్నాడు అని నన్ను నిలదీసింది. కాఫీలు అన్నాను. అప్పుడు చెప్పింది, వాడికి తొమ్మిదో ఏట గుండెకు ఆపరేషన్ అయిందని, వాళ్ళ నాన్న నలభై నిండకుండానే నిలబడ్డవాడు నిలబడ్డట్టే పోయాడని. ఉద్యోగం పోతుందని ఆ సంగతి తమరి దగ్గర దాచాడట. ఉద్యోగంలో చేరేటప్పటి పరీక్షలో తమరు చొక్కా మీదే గొట్టం పెట్టి, ఆరోగ్యవంతుడు అని రాసి ఇచ్చారు. చొక్కా విప్పమని ఉంటే గాటు కనబడేది. ఇది నింద కాదు, అంశం.

(ఇక్కడ ఆపి వాడి దగ్గరికి వెళ్ళి వచ్చాను. చెమటలు కారుతున్నాయి. నాడి లెక్కపెట్టబోతే అందడం లేదు, పరిగెడుతోంది. గుమాస్తా గారితో మళ్ళీ చెప్పాను. ఎన్నో అంశంలో ఉన్నారు అని అడిగారు.)

7. ఈ రోజు. నేను డబ్బాలో వేయడం మానేసి ఒక్క మాత్ర మాత్రం తెచ్చి, క్యాంటీనుకు గుప్పిట్లో పెట్టుకుని వెళ్ళాను, నాది నేను వేసుకోవడానికి. అప్పటికే వాడు నిన్న దాచుకున్నది ఒకటి వేసుకుని ఉన్నాడు, ఆ సంగతి నాకు ఇప్పుడు తెలిసింది. ఎనిమిదింటికి క్యాంటీను వెనక నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒక్కటి బావా. ఇవాళ ఆడిట్. నా కన్ను మూతపడితే నలుగురం పోతాం."

"మీ అక్క అంతా చెప్పింది రా. చచ్చిపోతావ్."

"రేపట్నుంచి మానేస్తా. నీమీదొట్టు."

గుప్పిట నేనే విప్పాను. వాడు బలవంతం చేయలేదని తమరు ప్రత్యేకంగా గమనించవలెను. గుండె సంగతి తెలిసి కూడా, నా చేత్తో నేనే ఇచ్చాను. పదింటికి వాడు చేతిలో సీసా జాగ్రత్తగా కింద పెట్టి, గుండె గొంతులో కొట్టుకుంటోంది బావా అని నేల మీద కూలబడ్డాడు. ఇక్కడికి మోసుకొచ్చాను. దారిలో డాక్టరమ్మకు ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "ఎన్ని వేసుకున్నాడో, ఎప్పుడు వేసుకున్నాడో, పాత ఆపరేషన్ సంగతీ, ఏదీ దాచకుండా చెప్పు. గుండె పరీక్ష వెంటనే తీయాలి. నిమిషం ఆలస్యం చేయొద్దు" అన్నారు. అందుకే అన్నీ రాస్తున్నాను. రాయడానికి నలభై నిమిషాలు పట్టింది.

ఇప్పుడే చూశాను, వాడు తల గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. దవడ కూడా వదులైంది. అమ్మయ్య, వారం తర్వాత కునుకు పట్టింది. నిద్ర పడితే దడ అదే తగ్గుతుంది. లేపను. మిగిలింది చప్పుడు కాకుండా ముగిస్తాను.

8. కావున ప్రార్థించునది ఏమనగా, వాడికి తక్షణం పరీక్ష చేయించి, అంబులెన్సు చీటీ మీద సంతకం చేయవలెను. బల్లల డబ్బాలన్నీ ఈ రోజే తీయించి, ఎవరి మందు వారి పేరుతో, వారి తాళంలో, రేకుతో సహా ఉంచుకొనేందుకు హాలు బయట చోటు చూపవలెను. మూడు వేల వంద అన్న అంకెను బోర్డు మీద నుంచి తుడిపించవలెను, అది మనిషి చూసిన లెక్క కాదు. శిక్ష వేయదలిస్తే నాకు వేయవలెను. అయితే ఈ జబ్బు ఉన్నవాళ్ళ మందు మాత్రం ఆపించవద్దు. వాళ్ళకు అది కావాలి, నాకూ కావాలి, రేపు నా మీద నాకు అసహ్యం వేసినా సరే కావాలి.

పైవన్నీ తర్వాత తీరికగా చిత్తగించినా సరే, ఒకటో ప్రార్థన మాత్రం నిలబడే చిత్తగించవలెనని,

తమ విధేయుడు,
ఆరో బల్ల, రెండో కుర్చీ.

తా.క. గుమాస్తా గారు మొత్తం చదివారు. బాగా రాశారన్నారు. కింద రోగి సంతకం లేదన్నారు. పెన్ను తీసుకుని వాడి దగ్గరికి వెళ్ళాను. భుజం తట్టాను. చేతిలో పెన్ను పెడితే జారిపోయింది. చెయ్యి చల్లగా ఉంది, అయ్యా. నాడి కోసం వెతికాను, ఇందాక పరిగెత్తింది ఇప్పుడు లేదు. తొందరలో చోటు తప్పి దొరకడం లేదేమో. ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కమని గుమాస్తా గారికి చెప్పాను, డాక్టరమ్మ ఫోనులో చెప్తున్నారు, ఆయన నొక్కుతున్నారు, ఆయనా ఏడుస్తున్నారు. వాడు నిద్రపోయాడని మురిసి నేను ఎనిమిదో అంశం రాసుకుంటూ కూర్చున్నాను.

తలుపుకు లోపల గడియ ఉంది. బాదుతున్నాను, వినబడడం లేదా. ఈ కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను.

చదవకండి. బయటికి రండి.