పేరు చెక్కించిన కంచం

అమ్మా సఫియా,

మోకాళ్లు ఒప్పుకోవుగానీ, ఈ ఉత్తరం గంతులేస్తూ రాయాల్సింది. నాకు హెపటైటిస్ సి పోయిందమ్మా! మందులైపోయి మూడు నెలలైనా రక్తంలో వైరస్ లేదని పోయిన వారం ఏలూరు డాక్టరుగారు చెప్పారు.

అసలు వచ్చిందనే నీకు చెప్పలేదు కదూ. అందుకే అప్పుడు తాడేపల్లిగూడెంలో మీ ఇంటికి నా పేరు చెక్కించిన కంచం సంచిలో పెట్టుకొచ్చాను. నా మనవరాలు ఇక్రాని ఒళ్లో కూర్చోనివ్వలేదు. "మా కంచాలు పనికిరావా నాన్నా?" అని నువ్వు ఏడ్చావు.

ఈ కంచం సంగతి చెబితే డాక్టరుగారు నవ్వేశారు. "కంచంతో రాదండీ, ఒళ్లో కూర్చుంటే రాదు. రక్తంతో వస్తుంది. ఎవరి రేజరైనా వాడారా?" అన్నారు. కంచం మోసుకొచ్చిన ఈ తెలివైనవాడు రేజరు మరిచిపోయి, వారం రోజులూ అల్లుడు జుబేర్‌గారిదే వాడాడు!

ఈ వైరస్‌లోనూ రకాలున్నాయట, నాది మూడో రకమట. కైకలూరు మార్కెట్లో చేపను చూడగానే రకం చెప్పే మొనగాణ్ణి, నా ఒంట్లో ఉన్నదాన్ని పోల్చుకోలేకపోయాను.

రేజరు సంగతి నేను చెబితే, నీకు చెప్పకుండా జుబేర్‌గారు పరీక్ష చేయించుకున్నారు. ఆయనకి లేదని ఇవాళే తెలిసింది. ఆయన్నేమీ అనకు, తిడితే నన్నే తిట్టు.

ఆదివారం రండి. ఆ కంచంలోనే అన్నం కలిపి, ఇక్రాని ఒళ్లో కూర్చోబెట్టుకుని తినిపిస్తాను. నా పేరు ఇప్పుడు రేజరు మీద రాసుకున్నాలే.

మీ నాన్న