నా చెయ్యి, అత్త గ్రైండరు

తిరువొత్తియూరు

అమ్మకు, నీ కూతురు జీవిత నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నా కోపం కూడా క్షేమంగానే ఉంది. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఫోను చేస్తే మా అత్త పక్కనే కూర్చుంటుంది, అందుకే ఉత్తరం.

ఇడ్లీ పిండి ఇంకా చెడుతూనే ఉందా అని అడిగావు. చెడింది. రుబ్బిన మర్నాటికే ముక్కిన వాసన, పైన నల్లటి చుక్కలు. కీళ్ళనొప్పులని అత్త రుబ్బే పని నాకు అప్పగించినప్పటి నుంచీ ఇదే తంతు.

"నీ చెయ్యి సరిలేదు మే. పిండికే పడని చెయ్యి కడుపుతో ఉండే పిల్లకి పడతాదా? సరణ్యకి నువ్వు గాజులు తొడగొద్దు" అంది.

సరణ్య నా ఆడపడుచు, సీమంతం పెట్టుకున్నారు. సొంత వదినను, నేను మూల నిలబడి చూడాలట! ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది, నీ దగ్గర దాచను.

"అత్తా, ఈసారి నువ్వే రుబ్బు. నేను వంటింట్లోకే రాను" అన్నాను.

"చూడు, నా చేతి పిండి ఎట్లా పొంగతాదో" అని కొంగు బిగించి రుబ్బింది. మర్నాడు మూత తీసి ముక్కు మూసుకుంది. "ఇదేంది మే, ఇంత కంపు కొడతా ఉండాది!"

అప్పుడు విప్పాను గ్రైండరును. కొడుకు మొదటి జీతంతో కొన్నదని అత్త ఇన్నాళ్ళూ ఎవరినీ విప్పనివ్వలేదు. పైపైన తుడిచి కుంకుమ పెట్టడమే. రాళ్ళ పిడి లోపల రబ్బరు కింద నల్లగా, జిగటగా బూజు! రుబ్బినప్పుడల్లా అదే పిండిలో కలిసేది. రబ్బరు మార్పించి, అంతా వేడినీళ్ళతో కడిగి, ఎండబెట్టి నేనే రుబ్బాను. పిండి గిన్నె దాటి పొంగింది.

సీమంతం నాడు గాజుల పళ్ళెం నేనే అందుకుని, అందరికంటే ముందు సరణ్యకు తొడిగాను. అత్త రమ్మనలేదు, వద్దనీ అనలేదు. ఆవిడ సెలవు కోసం నేనూ ఆగలేదు.

ఇంకొకటి చెప్పాలి, కోప్పడకు. నా చేతికి కట్టుకోమని గంగమ్మ గుడిలో మంత్రించి పంపావే ఎర్ర తాడు, అది నేను కట్టుకోలేదు. అత్త అంటే పోనీలే అనుకున్నాను. నువ్వు కూడా నా చెయ్యినే అనుమానించావు కదమ్మా, అదే ఎక్కువ నొప్పి పెట్టింది. తాడు పారెయ్యలేదులే. జబ్బు ఎవరిదో వాళ్ళకే కట్టాను. ఆ తాడు చూసి అత్త ఇప్పుడు గ్రైండరుకు రోజూ దండం పెడుతోంది.

ఇట్లు,
ఏ తాడూ అక్కర్లేని చెయ్యి గల నీ కూతురు,
జీవిత