హ్యాండిలుకు కట్టిన తువ్వాలు

మంగళవారం రాత్రి, పుంగనూరు

రెడ్డెప్పన్నను ఇవాళ మట్టి చేసి వచ్చాం.

కరెంటు స్తంభం ఎక్కే ముందు ఆయన కింద స్విచ్చు ఆపి, హ్యాండిలుకు తన ఎర్ర తువ్వాలు కట్టేవాడు. తువ్వాలుంటే పైన మనిషి ఉన్నాడని లైను మీద పనిచేసే మా అందరికీ తెలుసు. కాంట్రాక్టరు కొత్తగా పెట్టిన మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నిన్న అన్న పైన ఉండగానే, ఎవరో మరిచిపోయారనుకొని, తువ్వాలు విప్పి కరెంటు ఇచ్చేశాడు.

ఇంటి ముందర వదిన, కరెంటాఫీసు నుంచి వచ్చిన ఆఫీసరును అడిగింది. "నా మొగుడు ఎవురి మనిషి సార్?"

"కాంట్రాక్టరు మనిషమ్మా."

పక్కనే ఉన్న కాంట్రాక్టరు, "లైను సర్కారుది కదమ్మా, నన్నడిగితే ఎట్ల?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "బిల్లు వసూలుకు అందరూ ఉండారు, సచ్చినోడికి ఒక్కడూ లేడా?" అని అరిచాను.

"నువ్వూ నా కింద మనిషివే, గుర్తుండాదా?" అన్నాడు కాంట్రాక్టరు.

గుర్తుంది. వెనక్కి జరిగాను. సిగ్గుతో చచ్చిపోయాను.

వచ్చేటప్పుడు వదిన ఆ తువ్వాలు నా చేతిలో పెట్టి, "జాగ్రత్తప్పా" అంది.

రేపు మదనపల్లె రోడ్డులో స్తంభం ఎక్కేది నేను. కింద ఉండేది ఆ కొత్త మనిషే. వాడు నిన్నటి నుంచి అన్నం ముట్టలేదట. తువ్వాలు ఎందుకు కడతామో పొద్దున్నే వాడికి చెప్పాలి. రెడ్డెప్పన్న పేరు ఎత్తకుండా ఎలా చెప్పాలో…